మన కథ మనం చెప్పుకునేటప్పుడు

ఉపన్యాసం మొదలైన పది నిమిషాలకే వినేవారిలో కదలిక మొదలవుతుంది. ఒకరు గడియారం చూస్తారు, ఇంకొకరు పక్కవారితో గుసగుసలాడతారు. అంతలో మాట్లాడేవారు "మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకసారి ఇలా జరిగింది" అన్నారనుకోండి. గోడకు చేరగిలబడినవారు సైతం ముందుకు జరిగి కూర్చుంటారు. పిల్లలు ఆట ఆపి చెవులు రిక్కిస్తారు. ఇది మనందరికీ అనుభవంలో ఉన్న విషయమే.

సొంత అనుభవానికి ఇంత బలం ఎక్కడిది? ఆ బలాన్ని ఎలా ఉపయోగించాలి? ఎక్కడ ఆగాలి? పిల్లలకు బుద్ధి చెప్పే తల్లిదండ్రులకు, ఇజ్తెమాలలో మాట్లాడేవారికి, పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు ఈ మూడు ప్రశ్నలూ ముఖ్యమైనవే. ఈ పాఠంలో వాటిని పరిశీలిద్దాం.

మేము చేసిన పొరపాటు

ముందుగా మా తప్పే చెప్పుకుంటాం. కొన్నేళ్ళ క్రితం మదనపల్లె వైపు ఒక చిన్న ఊళ్ళో జరిగిన మహిళల ఇజ్తెమాలో కట్నకానుకల గురించి మాట్లాడే బాధ్యత మాపై పడింది. ఆయతులు, హదీసులు వివరించాం. ఎవరిలోనూ చలనం కనిపించలేదు. అప్పుడు మాకు ఆ మధ్యే విన్న ఒక సంగతి గుర్తుకొచ్చింది. ఆ ఊళ్ళోనే ఒక టైలరు కూతురి నికాహ్ లేన్‌దేన్ దగ్గర తేడా వచ్చి నాలుగు రోజుల ముందు ఆగిపోయింది. పేరు మార్చి ఆ కథ చెప్పాం. తండ్రి కుట్టుమిషను తాకట్టు పెట్టిన సంగతి, పెళ్ళికని తెచ్చిన బియ్యం బస్తాలు తిరిగి అంగడికి పంపేసిన సంగతి కూడా చెప్పాం. సభంతా నిశ్శబ్దమైపోయింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మా మాట మనసులకు తాకిందని లోలోపల సంతోషపడ్డాం కూడా.

వెనక వరుసలో ఒక తల్లి లేచింది. బురఖా సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె ఎవరో చుట్టూ ఉన్నవారి చూపులే చెప్పాయి. పేరు మార్చినంత మాత్రాన చిన్న ఊళ్ళో ఏం దాగుతుంది? మిషనూ, బియ్యం బస్తాలూ చాలవా?

మరునాడు క్షమాపణ అడగటానికి ఆమె ఇంటికి వెళ్ళాం. కూర్చోమంది, టీ ఇచ్చింది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి మెల్లగా అంది: "ఆపా, ఆ నొప్పి మాది. నలుగురిలో చెప్పాల్నా వద్దా అనేది మేము కదా తేల్చుకోవాల్సింది? మీ ఇండ్లల్లో పెండ్లిండ్లు కాలేదా? మీ కత చెప్పుకోగూడదా?"

మేము తల దించుకున్నాం. ఎందుకంటే మా ఇంట్లోనూ పెళ్ళిళ్ళు జరిగాయి. మా తమ్ముడి పెళ్ళిలో ఆడపిల్లవారి నుంచి మోటారు సైకిలు తీసుకుంటుంటే మేము అక్కడే ఉన్నాం, నోరు మెదపలేదు. ఆ కథ మేము ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. పక్కింటివారి కథ చెప్పటం చాలా సులభం. అందులో పోయేది వారి పరువు, మనకు వచ్చేది మంచి వక్త అనే పేరు. ఈ పాఠం రాయటానికి ఆ తల్లి అడిగిన ప్రశ్నే కారణం.

ఒక వృద్ధుడు చెప్పిన తన కథ

తన కథ తాను చెప్పటం ఎలా ఉండాలో హదీసు గ్రంథాలలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) తబూక్ యుద్ధయాత్రకు వెళ్ళకుండా వెనక ఉండిపోయిన వృత్తాంతమది. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది. ఆయన వృద్ధులై చూపు కోల్పోయాక, చేయి పట్టుకుని నడిపించే కుమారుడు అబ్దుల్లాహ్‌కు దీన్ని స్వయంగా చెప్పారు. అంటే ఇది ఒక తండ్రి తన కొడుకుకు చెప్పిన ఇంటి కథ. అక్కడి నుంచే అది లోకానికి అందింది.

ఆయన చెప్పిన తీరు గమనించండి. హిజ్రీ 9వ (క్రీ.శ. 630) సంవత్సరం. ఎండలు మండిపోతున్నాయి. తోటల్లో పండ్లు పక్వానికి వచ్చాయి, నీడలు హాయిగా ఉన్నాయి. ప్రయాణమేమో చాలా దూరం. ఇతరులైతే ఆరోగ్యం బాగోలేదనో, చేతిలో డబ్బు లేదనో చెప్పుకునేవారు. కాబ్ (రజి) మాత్రం ఆ సమయంలో తాను మునుపెన్నడూ లేనంత బలంగా, స్థోమతతో ఉన్నానని, తన దగ్గర రెండు స్వారీ ఒంటెలు కూడా ఉన్నాయని చెబుతారు. అంటే తనకు తానే సాకు లేకుండా చేసుకున్నారు. ఇవాళ సిద్ధమవుదాం, రేపు సిద్ధమవుదాం అనుకుంటూ ఉండగానే సైన్యం వెళ్ళిపోయింది. వాయిదా వేసే అలవాటు లేనివారు మనలో ఎవరున్నారు? వినేవాడు తనను తాను గుర్తుపట్టేది అక్కడే.

దైవప్రవక్త (స) తిరిగి వచ్చాక, వెనక ఉండిపోయిన ఎనభై మందికి పైగా వచ్చి ప్రమాణాలు చేసి సాకులు చెప్పారు. కాబ్ (రజి) మాట నేర్పరి, కవి. అందమైన సాకు అల్లటం ఆయనకు కష్టం కాదు. కానీ తనకు ఏ అడ్డంకీ లేదని నిజమే చెప్పేశారు. ఆయనతోపాటు మురారా బిన్ రబీ (రజి), హిలాల్ బిన్ ఉమయ్యా (రజి) కూడా నిజం ఒప్పుకున్నారు. ముగ్గురితో ఎవరూ మాట్లాడరాదని ఆజ్ఞ అయింది. అది 50 రాత్రులు సాగింది. ఆయన బజారులో తిరిగేవారు, మస్జిదుకు వెళ్ళేవారు, ఎవరూ పలకరించేవారు కాదు. ప్రాణప్రదమైన బంధువు అబూ ఖతాదా (రజి) తోట గోడ ఎక్కి సలాం చేస్తే జవాబు రాలేదు. ఆ సమయంలోనే గస్సాన్ రాజు నుంచి తమ దగ్గరికి వచ్చేయమని ఉత్తరం వచ్చింది. దాన్ని పొయ్యిలో పడేశారు. చివరికి క్షమాభిక్ష అవతరించింది. దివ్యఖుర్‌ఆన్ 9వ సూరా 118వ ఆయతు ఆ ముగ్గురి గురించినదే. శుభవార్త మోసుకొచ్చిన వ్యక్తికి తన ఒంటి మీది బట్టలే కానుకగా ఇచ్చేసి, వేరే బట్టలు అరువు తెచ్చుకుని కట్టుకుని వెళ్ళారు.

ఈ వృత్తాంతంలో ఒంటెలు ఉన్నాయి, పండ్లు ఉన్నాయి, గోడ ఉంది, పొయ్యి ఉంది, అరువు బట్టలు ఉన్నాయి. నీతి ఒక్కటే: నిజం చెప్పినందువల్లే నేను బతికాను. ఆ నీతిని ఆయన ముందు చెప్పి కథ తరువాత చెప్పలేదు. తాను అనుభవించిన 50 రాత్రులనూ మన చేత నడిపించాక చెప్పారు. అందుకే పధ్నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా అది చదివేవారి కళ్ళు చెమ్మగిల్లుతాయి.

తన బాధ చెప్పినా అన్నల పరువు పోకుండా

ఇంకొక ఉదాహరణ సూరా యూసుఫ్. దివ్యఖుర్‌ఆన్ దీన్ని అత్యుత్తమ గాథగా పేర్కొంది (12:3). చివర్లో తల్లిదండ్రులు, సోదరులు అందరూ ఈజిప్టుకు చేరాక హజ్రత్ యూసుఫ్ (అ) తన జీవితాన్ని రెండు మూడు వాక్యాలలో గుర్తుచేసుకుంటారు (12:100). అల్లాహ్ తనను చెరసాల నుంచి బయటికి తెచ్చిన మేలు చెబుతారు. ఎడారి నుంచి తన వారిని తెచ్చిన మేలు చెబుతారు. బావి ప్రస్తావన మాత్రం తేరు. తనను బావిలో పడేసిన అన్నలు ఎదురుగానే ఉన్నారు. వారు సిగ్గుపడకూడదు. తమ మధ్య చిచ్చుపెట్టింది షైతాను అని మాత్రం అంటారు. ఆ కథలో అతి పెద్ద గాయం ఆ బావే. అయినా దాన్ని వదిలేశారు. సొంత కథలో కూడా ఇతరుల పాలు ఉంటుందని, ఆ పాలును కాపాడటం చెప్పేవారి బాధ్యత అని దీని ద్వారా బోధపడుతుంది.

దీనికి వ్యతిరేకంగా జరిగితే ఏమవుతుందో హజ్రత్ ఆయిషా (రజి) వృత్తాంతం చూపుతుంది. ప్రయాణంలో పోయిన హారం వెదుక్కుంటూ ఆమె వెనకపడిపోయారు. అంతే, ఆమె కథను ఇతరులు చెప్పటం మొదలెట్టారు. మదీనాలో సుమారు నెల రోజులు ఆ మాటే చేతులు మారింది. ఆమెకేమో చాలా రోజులు తెలియనే తెలియదు. తెలిశాక కన్నీరు ఆగలేదు. ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటిస్తూ సూరా నూర్ ఆయతులు అవతరించాయి (24:11 నుంచి). తరువాత ఆ సంగతినంతా ఆమె తన నోటితోనే వివరించారు. అదే నేడు మనకు ప్రామాణికం. ఒకే సంఘటన ఇతరుల నోట అపనింద అయింది, ఆమె నోట సాక్ష్యమైంది.

మన సీమలో సొంత కథ

ఇక మన ప్రాంతానికి వద్దాం. చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూశాడని మన పెద్దలు పిల్లలకు చెబుతారు. గుర్రంకొండ కోట గురించి చెబుతారు. మంచిదే. కానీ తమ తాత ఏ పని చేశాడో, ఏ కరవులో ఏం తిన్నారో, నానీ ఎందుకు చదువు మానేసిందో ఆ పిల్లలకు తెలియదు. నవాబుల కథలు చెప్పటానికి మనకు మొహమాటం లేదు, మన కథ చెప్పటానికే మొహమాటం. "మా బతుకులో చెప్పటానికి ఏముంది?" అంటాం.

ఆ మాట తప్పని రుజువు చేసినవారు మన గడ్డ మీదే ఉన్నారు. తిరుపతి దగ్గరి పల్లెలో పుట్టిన నామిని సుబ్రమణ్యం నాయుడు తన చిన్ననాటి సేద్యం ఇంటిని, తల్లిని, ఆకలిని 'పచ్చనాకు సాక్షిగా'లో చెప్పారు. 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు' కూడా ఆ దారిలోనివే. పుస్తకాల భాషలోకి మార్చలేదు. చిత్తూరు పల్లెల్లో ఎలా మాట్లాడతారో అలాగే రాశారు. 'వచ్చినాడు', 'పోయినాడు', 'యాడ', 'ఈడ' అనే మన మాటలు అచ్చులో కనిపించేసరికి, ఇది మా ఇంటి సంగతే అని వేలాది పాఠకులు అనుకున్నారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కానీ మాట తీరు మాత్రం రెండు జిల్లాలకూ ఒకటే.

పొరుగున నెల్లూరు జిల్లా కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చింది. ఒక సాధారణ ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లవాడు తన ఇంటిని, వీధిని, బడిని నవ్విస్తూ చెప్పిన కథలవి. ముస్లిముల ఇళ్ళల్లో ఏం వండుకుంటారో, ఎలా మాట్లాడుకుంటారో, దేనికి ఏడుస్తారో తెలియని ఎందరో తెలుగు పాఠకులకు ఆ కథలు తలుపు తెరిచాయి. కడప జిల్లాకు చెందిన వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. అవీ మన రాయలసీమ ముస్లిం ఇళ్ళ కథలే.

ఇవి సాహిత్య గ్రంథాలు, ధార్మిక పాఠాలు కావు. అయినా వీటి నుంచి మనం ఒక విషయం నేర్చుకోవచ్చు. పేదరికం సిగ్గుపడాల్సిన విషయం కాదు, యాస దాచుకోవాల్సిన విషయం కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో చిత్తూరు తెలుగు మాట్లాడే తాత, సభలో మైకు ముందుకు రాగానే గ్రాంథిక భాష వెదుక్కుంటాడు. అక్కడే ఆయన మాటకు ప్రాణం పోతుంది. మనవడితో ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడితే చాలు.

ఎక్కడ ఆగాలి?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. తన పాపాలను తానే బయటపెట్టుకోరాదని హదీసు ఉంది కదా? అవును. రాత్రి ఒక పాపం చేసి, అల్లాహ్ దాన్ని కప్పి ఉంచగా, తెల్లవారి తానే నలుగురికీ చెప్పుకునేవాడిని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు (బుఖారీ, ముస్లిం). మరి కాబ్ (రజి) తన తప్పు ఎలా చెప్పారు?

తేడా స్పష్టమే. కాబ్ (రజి) వెనక ఉండిపోవటం ఊరంతటికీ తెలిసిన విషయం. ఆయన పశ్చాత్తాపం చెందారు, ఆ పశ్చాత్తాపం స్వీకరించబడింది. తరువాతే చెప్పారు. గొప్పగా చెప్పుకోవటానికి కాదు, నిజం విలువ తెలపటానికి. దాగి ఉన్న పాపాన్ని వర్ణించటం వేరు, బద్ధకం, పిరికితనం, మౌనం వంటి మన బలహీనతను ఒప్పుకుని దాని నుంచి ఎలా బయటపడ్డామో చెప్పటం వేరు. "నేనూ ఒకప్పుడు ఎన్ని చెడ్డపనులు చేశానో తెలుసా" అంటూ సభను ఉర్రూతలూగించేవారు ఈ గీత దాటుతున్నారు.

అలాగే మేలు చెప్పటంలోనూ గీత ఉంది. ప్రభువు అనుగ్రహాలను చాటమని సూరా జుహా చివరి ఆయతు ఆదేశిస్తోంది. కానీ "నేను ఇంత దానం చేశాను, నేను అలా మార్చాను" అంటూ ప్రతి వాక్యంలో నేను, నేను అని వస్తుంటే అది ప్రదర్శనాబుద్ధి. చెప్పాక వినేవారికి గుర్తుండేది మనమా, మన ప్రభువు చేసిన మేలా? ఈ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి.

చెప్పేవారికి కొన్ని సూచనలు

1. జీవితమంతా చెప్పకండి. ఒక్క రోజు, ఒక్క సంఘటన చాలు. ఫీజు కట్టలేక బడి గేటు దగ్గర నిలబడిన ఒక ఉదయం, కష్టాల జాబితా కన్నా ఎక్కువ చెబుతుంది.

2. కంటికి కనిపించే వస్తువుతో మొదలుపెట్టండి. కాబ్ (రజి) రెండు ఒంటెలను గుర్తుచేసుకోండి.

3. కథలో తప్పు చేసినవారు ఉంటే, ముందు మీ వంతు తప్పు చెప్పండి. మీరే ఎప్పుడూ గెలిచే కథలను పిల్లలు రెండోసారి వినరు.

4. నవ్వించటానికైనా, ఏడిపించటానికైనా కల్పించి చేర్చకండి. జనాన్ని నవ్వించటానికి అబద్ధమాడేవానికి వినాశమని హదీసు హెచ్చరిస్తోంది (అబూదావూద్, తిర్మిజీ). గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి.

5. మీ కథలో ఇంకొకరు ఉంటే వారిని అడగండి. ఒక వ్యక్తి మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అని దైవప్రవక్త (స) తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ). ఇక భార్యాభర్తల ఏకాంత విషయాలు ఎవరికీ చెప్పదగినవే కావు.

6. పేరు మారిస్తే చాలనుకోకండి. వీధి, వృత్తి, సంవత్సరం కలిస్తే మనిషి దొరికిపోతాడు.

7. కథ అయ్యాక నీతిని పదిసార్లు చెప్పకండి. ఒక్కసారి చెప్పి ఆగండి. వినేవారి మనసు మిగతా పని చేసుకుంటుంది.

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి

వారంలో ఒక రోజు, ఇషా నమాజు తరువాత, టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి అరగంట కూర్చోండి. ఇంట్లో దాదీనో, నానానో ఉంటే వారినే ముందు అడగండి. "మీ కాలంలో ఎలా ఉండేది?" అని అడిగితే "బాగుండేది" అని ఊరుకుంటారు. ఇలా అడిగి చూడండి: మీరు మొదటిసారి సంపాదించిన డబ్బుతో ఏం కొన్నారు? మీ అబ్బాజాన్ మిమ్మల్ని ఏ విషయంలో కొట్టారు, అది న్యాయమేనా? ఎవరి మేలు ఇప్పటికీ తీర్చలేదు? మీరు ఎవరినైనా క్షమాపణ అడగాలనుకుని అడగలేకపోయారా?

ఆ తరువాత తల్లిదండ్రులు తమ కథ చెప్పాలి. తిరుపతిలో ఉద్యోగాలకనీ చదువులకనీ స్థిరపడిన మన కుటుంబాలలో పిల్లలకు తమ ఊరే తెలియదు. పరీక్షలో తప్పిన పిల్లవాడికి "మేము ఎలా చదివామో తెలుసా" అనే దెప్పిపొడుపు కన్నా, "నేనూ ఒకసారి తప్పాను, ఆ మార్కుల కాగితం ఎక్కడ దాచానంటే..." అనే మాట ఎక్కువ పనిచేస్తుంది. ఫోనులో రికార్డు చేసుకోవాలనుకుంటే ముందు అడగండి. చెప్పినవారు వద్దంటే ఇతరులకు పంపకండి.

చివరిగా

ఆ ఊరి ఇజ్తెమాలో కొన్ని నెలల తరువాత మళ్ళీ మాట్లాడాల్సి వచ్చింది. దానికి ముందు మా తమ్ముడిని అడిగాం. చాలాసేపు మౌనంగా ఉన్నాడు. అతని భార్యే "చెప్పండి ఆపా, ఇంకో ఇంట్లోనైనా ఆగుతుంది" అంది. సభలో మోటారు సైకిలు సంగతి చెప్పాం. తమ్ముడిని నిందించలేదు. పెద్దవాళ్ళమై ఉండి, తెలిసి కూడా ఆ రోజు మాట్లాడనిది మేము. అదే చెప్పాం. ఈసారి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. సభ అయ్యాక మాత్రం ఒక పెద్దావిడ ఆగి, తన కొడుకుకు మాట్లాడిన సంబంధంలో అడిగిన సొమ్ము గురించి మాతో విడిగా ఓ గంట మాట్లాడారు. ఏం మాట్లాడారో రాయం. అది ఆవిడ కథ.

ఆ టైలరు భార్య ఆ రోజు రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. అది మా తప్పు మిగిల్చిన గుర్తు.

ఇంట్లో చర్చించుకోవడానికి

- కాబ్ (రజి) తన దగ్గర రెండు ఒంటెలు ఉన్నాయని ఎందుకు చెప్పారు? చెప్పకపోతే ఏం తగ్గేది?
- యూసుఫ్ (అ) బావి సంగతి ఎత్తకపోవటం దాపరికమా, ఔదార్యమా?
- గత వారంలో మీరు చెప్పిన కథల్లో మీవి ఎన్ని, ఇతరులవి ఎన్ని?

అల్లాహ్ మనకు నిజం పలికే నాలుకనూ, ఇతరుల గాయాలను కప్పే మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.